బెంగళూరులో ఎమిషన్ టెస్టుకు కారును సిద్ధం చేసుకోవడం ఎలా?

ఎమిషన్ టెస్టులో (పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం పొగను కొలిచే పరీక్షలో) కారు ఫెయిలైతే చాలామంది నేరుగా గ్యారేజీకి పరుగెడతారు. అక్కడ ఎవరో ఒకరు వంగి కిందికి చూసి "కన్వర్టర్ పోయింది సార్" అంటారు. కన్వర్టర్ అంటే సైలెన్సర్ దారిలో ఉండి పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా. ఇక అక్కడి నుంచి బిల్లు వేలల్లోకి వెళ్తుంది. ఎన్నో బండ్లకు నిజంగా కావాల్సింది బాగా వేడెక్కిన ఇంజిన్, కొత్త ప్లగ్గులు, లీకు లేని సైలెన్సర్. అంతే. లోపం ఎక్కడుందో టెస్టు చీటీలోని అంకెలే చాలావరకు చెప్పేస్తాయి. వాటిని చదవడం వస్తే చౌక పనితో మొదలుపెట్టి, తప్పనిసరి అయితేనే ఖరీదైన పని దాకా వెళ్లొచ్చు.

మీ బండి ఏ లెక్కలోకి వస్తుంది?

ముందు ఆర్సీ తీసి చూడండి. కొత్త కారుకు మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి ఏడాది పాటు ఈ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆ తర్వాత బీఎస్-4, బీఎస్-6 బండ్లకు ఏడాదికోసారి, అంతకంటే పాతవాటికి ఆరు నెలలకోసారి టెస్టు చేయించాలి. బీఎస్ (భారత్ స్టేజ్) అంటే బండి పొగపై ప్రభుత్వం పెట్టిన ప్రమాణం, అంకె పెరిగేకొద్దీ కఠినం. ఎలక్ట్రిక్ కార్లకు ఈ గొడవే లేదు.

మన ఊళ్ల నుంచి బండి తెచ్చుకున్నవాళ్లు ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. బీఎస్-4 ప్రమాణాలు 2010 ఏప్రిల్‌లో బెంగళూరు, హైదరాబాద్, చెన్నై లాంటి 13 నగరాల్లోనే మొదలయ్యాయి. మిగతా దేశమంతటా వచ్చేసరికి 2017 ఏప్రిల్ అయింది. అంటే 2014లో బెంగళూరులో కొన్న కారు బీఎస్-4 అయి తీరాలి, అదే ఏడాది అనంతపురంలోనో ఖమ్మంలోనో కొన్నది బీఎస్-3 కావచ్చు. రెండింటికీ పరిమితులు వేరు, గడువు వేరు. సెంటర్‌లో కుర్రాడు బండి ఏడాది చూసి ఏదో ఒకటి టైప్ చేసేస్తే నష్టపోయేది మీరే. ఆర్సీలో రాసి లేకపోతే ఓనర్ మాన్యువల్ చూడండి, అదీ లేకపోతే ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడగండి.

ఏపీ, టీఎస్, టీజీ నంబర్లున్న బండ్లను ఇక్కడ టెస్టు చేస్తారా అని మారతహళ్లి, బెళ్లందూరు వైపు ఉండే మనవాళ్లు తరచూ అడుగుతుంటారు. చేస్తారు. ఏ రాష్ట్రంలో తీసుకున్న సర్టిఫికెట్ అయినా దేశమంతా చెల్లుతుంది. కాకపోతే బయటి రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడే తిప్పుతుంటే రిజిస్ట్రేషన్ మార్చుకోవాలన్న నిబంధన వేరే ఉంది. ఎమిషన్ సర్టిఫికెట్ చూపించి దాని నుంచి తప్పించుకోలేరు.

సర్టిఫికెట్ లేకుండా తిరిగితే, 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారికే రూ.10,000 వరకు జరిమానా పడొచ్చు, లైసెన్స్ కూడా మూడు నెలలు పోవచ్చు.

మెషిన్ ఏం కొలుస్తుంది?

పెట్రోల్ కారు సైలెన్సర్‌లోకి ఒక సన్నటి గొట్టం పెట్టి, ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ప్రధానంగా రెండు వాయువులు చూస్తారు. ఒకటి సీవో, అంటే కార్బన్ మోనాక్సైడ్. సగం సగం కాలిన పెట్రోల్ నుంచి వస్తుంది. రెండోది హెచ్‌సీ, అంటే హైడ్రోకార్బన్లు. ఇది అసలు కాలకుండానే బయటికి వచ్చేసిన పెట్రోల్. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే సగం పని అయినట్టే.

బీఎస్-4, బీఎస్-6 పెట్రోల్ కార్లకు ఐడ్లింగ్‌లో సీవో 0.3 శాతం, హెచ్‌సీ 200 పీపీఎం (పది లక్షల భాగాల్లో 200) దాటకూడదు. బీఎస్-2, బీఎస్-3 కార్లకు సీవో 0.5 శాతం, హెచ్‌సీ 750 పీపీఎం. ఇంకా పాత కార్బురేటర్ బండ్లకు 3 శాతం, 1500 పీపీఎం దాకా వెసులుబాటు ఉంది. బీఎస్-4 నుంచి ఇంకో పరీక్ష కూడా ఉంది. ఇంజిన్‌ను 2500 ఆర్‌పీఎం దగ్గర నిలబెట్టి సీవో 0.2 శాతం లోపు ఉందో లేదో, లాంబ్డా అనే అంకె 0.97కూ 1.03కూ మధ్య ఉందో లేదో చూస్తారు. గాలి, పెట్రోల్ సరైన పాళ్లలో కలుస్తున్నాయా అన్నది లాంబ్డా చెబుతుంది. 1 అంటే సరిగ్గా ఉన్నట్టు, అంతకంటే ఎక్కువైతే గాలి ఎక్కువ, తక్కువైతే పెట్రోల్ ఎక్కువ.

గడువుకు రెండు వారాల ముందు

చివరి రోజు దాకా ఆగకండి. ఫెయిలైతే బాగు చేయించుకోవడానికి టైమ్ ఉండాలి.

పొద్దున్నే, రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్‌ను స్టార్ట్ చేసి వెనక్కి వెళ్లి నిలబడండి. కాస్త తెల్లటి ఆవిరి వచ్చి రెండు నిమిషాల్లో ఆగిపోతే టెన్షన్ అక్కర్లేదు, అది సైలెన్సర్‌లో చేరిన తేమ. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోయినా, కూలెంట్ తగ్గుతున్నా అది హెడ్ గ్యాస్కెట్ సమస్య కావచ్చు. అప్పుడు టెస్టు సంగతి పక్కన పెట్టి ముందు మెకానిక్‌కు చూపించండి. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం. నల్లపొగ వస్తే పెట్రోల్ ఎక్కువ పోతోంది.

తర్వాత చెవి పెట్టి వినండి. స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో బండి కింద నుంచి టప్ టప్‌మని చప్పుడు వస్తుంటే సైలెన్సర్ ఎక్కడో లీకవుతోంది. బెంగళూరు హంప్‌లకు అడుగు తగిలించుకోని కారు అరుదు కాబట్టి ఇది మామూలే. చిన్న లీకే కదా అని వదిలేయకండి. పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూసే ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు చిల్లు పడితే బయటి గాలి లోపలికి వస్తుంది. సెన్సర్ దాన్ని చూసి గాలి ఎక్కువైందనుకుంటుంది, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) దానికి తగ్గట్టు పెట్రోల్ పెంచుతుంది. లాంబ్డాతో పాటు సీవో కూడా చెడుతుంది. వెల్డింగ్‌తోనో, ఒక గ్యాస్కెట్ మార్చడంతోనో పోయే లోపానికి కొందరు సెన్సర్లు మార్చుకుంటూ పోతారు.

ఇంజిన్ వేడెక్కాక టెంపరేచర్ ముల్లు ఎక్కడ ఆగుతోందో చూడండి. నడిమికి రాకుండా కిందనే ఉంటే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను ఆపి ఉంచే వాల్వ్) తెరుచుకుని ఇరుక్కుపోయి ఉంటుంది, లేదా ఎవరో దాన్ని తీసేసి ఉంటారు. బండి హీటెక్కకూడదని థర్మోస్టాట్ పీకేసే మెకానిక్‌లు మన దగ్గర ఇంకా ఉన్నారు. వాళ్ల దృష్టిలో అది ఉపకారమే. కానీ ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. బెంగళూరు డిసెంబరు చలిలో ఈ లోపం మరీ బయటపడుతుంది. పార్ట్ ఖరీదు పెద్దగా ఉండదు, మైలేజీ కూడా మెరుగవుతుంది.

చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతోందా? మన టెస్టులో ఆ లైట్ చూసి ఫెయిల్ చేయరు. కానీ అది వెలగడానికి ఉన్న కారణం చాలాసార్లు ఫెయిల్ చేయిస్తుంది. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు పెట్టే చిన్న బ్లూటూత్ స్కానర్లు ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరుకుతాయి. అపార్ట్‌మెంట్‌లో నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు. పీ0300 వస్తే ఇంజిన్ మిస్ కొడుతోంది (సిలిండర్లలో పెట్రోల్ సరిగ్గా మండట్లేదు), పీ0128 వస్తే ఇంతకుముందు చెప్పిన థర్మోస్టాట్ కథే, పీ0135 వస్తే ఆక్సిజన్ సెన్సర్ హీటర్ లోపం. పీ0420 వస్తే కన్వర్టర్ పనితనం తగ్గిందని ఈసీయూ అనుమానిస్తోంది. ఇక్కడ అనుమానం అన్న మాటే సరైనది, ఎందుకో కింద చెబుతాను. కోడ్ డిలీట్ చేసి టెస్టుకు వెళ్లడం వల్ల ఏమీ ఒరగదు. లైట్ ఆరుతుంది తప్ప సైలెన్సర్ నుంచి వచ్చేది మారదు.

సెల్లార్లలో కారు పెట్టేవాళ్లు బానెట్ ఎత్తి వైర్లు కూడా చూసుకోండి. వారమంతా ఇంటి నుంచే పని చేసి శనివారం మాత్రమే బండి తీసేవాళ్ల కార్లంటే ఎలుకలకు మహా ఇష్టం. సెన్సర్ వైర్ ఒక్కటి కొరికినా చాలు. నెలల తరబడి ఆగి ఉన్న కారైతే ట్యాంకులో పాత పెట్రోల్ సగం పైగా వాడేసి, కొత్తది నింపి, కొన్ని రోజులు తిప్పాకే టెస్టుకు వెళ్లండి.

మార్చాల్సినవి

ఇంజిన్ ఆయిల్ మార్చే గడువు దగ్గర పడి ఉంటే టెస్టుకు ముందే మార్చేయండి. పాత ఆయిల్‌లో కలిసిన పెట్రోల్ ఆవిరి మళ్లీ ఇంజిన్‌లోకే వెళ్లి హెచ్‌సీ పెంచుతుంది.

స్పార్క్ ప్లగ్గులు విప్పి చూడండి. కొస లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు. పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది, జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిల్ లోపలికి వస్తోంది. నాలుగింటిలో ఒక్కటే వేరుగా కనిపిస్తే ఆ సిలిండర్ కాయిల్‌ను (ప్లగ్గుకు కరెంటు ఇచ్చేది) పక్క సిలిండర్‌కు మార్చి చూడండి. మిస్ కొట్టడం కూడా దాంతో పాటే ఆ పక్క సిలిండర్‌కు మారితే కాయిల్‌దే తప్పు. ఒరిజినల్ పార్టుల కోసం జేసీ రోడ్ దాకా వెళ్లొచ్చు, కానీ అక్కడ డూప్లికేట్లు కూడా అంతే దర్జాగా అమ్ముతారు. బిల్లు ఇవ్వని షాపులో ప్లగ్గులు, సెన్సర్లు కొనకండి.

ఎయిర్ ఫిల్టర్ గురించి అందరూ చెబుతారు. అవుటర్ రింగ్ రోడ్ మెట్రో పనుల దుమ్ములో తిరిగే కారుకు అది త్వరగానే నిండుతుంది, మార్చడం మంచిదే. కానీ దాని మీద అతిగా ఆశ పెట్టుకోకండి. కార్బురేటర్ బండికి ఫిల్టర్ మూసుకుపోతే సీవో నేరుగా పెరుగుతుంది. ఇంజెక్షన్ బండిలో వచ్చే గాలిని సెన్సర్ కొలిచి పెట్రోల్‌ను తగ్గిస్తుంది కాబట్టి, ఒక్క ఫిల్టర్ మార్చినంత మాత్రాన ఫెయిలైన కారు పాసైపోదు.

ట్యాంకులో పోసే ఇంజెక్టర్ క్లీనర్లు అంకె కాస్త అటూ ఇటుగా ఉన్నప్పుడు కొంత ఉపయోగపడొచ్చు. టెస్టుకు ముందు ట్యాంకులో థిన్నర్, స్పిరిట్ లాంటివి కలపమనేవాళ్ల మాట మాత్రం వినకండి. రబ్బరు పైపులు, ఫ్యూయల్ పంపు పాడైతే ఆ సలహా ఇచ్చినవాడు కనిపించడు.

డీజిల్ కారైతే

డీజిల్ టెస్ట్ పూర్తిగా వేరు. ఇక్కడ చూసేది పొగ ఎంత చిక్కగా ఉందో. గేరు న్యూట్రల్‌లో ఉంచి యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా పూర్తిగా తొక్కి వదులుతారు, ఇలా కొన్నిసార్లు చేసి సగటు తీస్తారు. బీఎస్-4 కంటే పాత డీజిల్ బండ్లకు 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు (పొగ చిక్కదనానికి కొలత), బీఎస్-4కు 50 యూనిట్లు పరిమితి. చీటీలో ఇదే లెక్క 2.45, 1.62 అనే అంకెల్లో కూడా కనిపిస్తుంది. బీఎస్-6కు ఇంకా కఠినం.

అంత గట్టిగా రేస్ చేస్తారు కాబట్టి ముందు ఆయిల్ లెవెల్ చూసుకోండి. మీ ఇంజిన్‌కు టైమింగ్ బెల్ట్ ఉండి, దాన్ని మార్చే గడువు దాటిపోయి ఉంటే బెల్ట్ మార్చాకే టెస్టుకు వెళ్లండి. బెల్ట్ తెగితే పోయేది సర్టిఫికెట్ కాదు, ఇంజిన్.

సిటీలో ఫస్ట్, సెకండ్ గేర్లలోనే బతికే డీజిల్ కారు సైలెన్సర్ నిండా మసి పేరుకుంటుంది. టెస్టులో ఒక్కసారిగా తొక్కితే ఆ మసంతా ఒకేసారి బయటికి వస్తుంది. అందుకని ఆ రోజు పొద్దున నైస్ రోడ్ మీదో, ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ మీదో, ఎయిర్‌పోర్ట్ రోడ్డులోనో స్పీడ్ లిమిట్ దాటకుండా, ఒక గేరు తక్కువలో, ఇంజిన్ 2500 ఆర్‌పీఎం పైన తిరిగేలా పదిహేను ఇరవై నిమిషాలు నడపండి. టెస్టుకు ముందు చేసేవాటిలో దీని అంత ఫలితం ఇచ్చేది డీజిల్ బండికి ఇంకోటి లేదు. అయినా నల్లపొగ ఆగకపోతే ఎయిర్ ఫిల్టర్, టర్బో గొట్టాల లీకు, పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్, ఇంజెక్టర్లు, ఈ వరుసలోనే చూపించండి. ఇంజెక్టర్ల పని ఖరీదైనది, దాన్ని చివరికి ఉంచండి.

బీఎస్-6 డీజిల్‌లో మసిని పట్టి ఉంచి తర్వాత కాల్చేసే డీపీఎఫ్ ఉంటుంది. అది కాలాలంటే బండి కొంతసేపు ఆగకుండా, ఒకే వేగంతో పోవాలి. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో అది కలలో మాట. డాష్‌బోర్డులో డీపీఎఫ్ లైట్ వెలిగితే అదే రోజు హైవే ఎక్కండి. నిర్లక్ష్యం చేస్తే ఇంజిన్ ఆయిల్‌లో డీజిల్ కలిసి డిప్‌స్టిక్ మీద లెవెల్ పెరుగుతుంది. ఆయిల్ పెరిగిందని సంతోషించాల్సిన పని లేదు, వెంటనే మార్పించాలి.

టెస్ట్ రోజు

ఇంటి పక్క బంకులోనే సెంటర్ ఉందని కారు తీసి నేరుగా అక్కడికి వెళ్లడమే చాలామంది పెట్రోల్ కార్లను ఫెయిల్ చేయిస్తుంది. కెటలిటిక్ కన్వర్టర్ లోపల సుమారు 250 నుంచి 300 డిగ్రీల వేడి వస్తే గానీ పని మొదలుపెట్టదు. కనీసం ఇరవై నిమిషాలు బండి నడిపాక వెళ్లండి. అక్కడ లైన్ ఉంటే ఇంజిన్ ఆపకండి. ఐడ్లింగ్‌లోనే చాలాసేపు నిలబడితే కన్వర్టర్ మళ్లీ చల్లబడుతుంది కాబట్టి, మీ వంతు రాగానే 2500 ఆర్‌పీఎం దగ్గర రెండు మూడు నిమిషాలు పట్టి ఉంచి, తర్వాత గొట్టం పెట్టమనండి. కుర్రాడు తొందరపెట్టినా సరే.

ఏసీ, లైట్లు, మ్యూజిక్ ఆపేయండి. హ్యాండ్‌బ్రేక్ వేసి న్యూట్రల్‌లో పెట్టండి. సిగ్నల్ దగ్గర దానంతటదే ఇంజిన్ ఆగిపోయే సదుపాయం ఉంటే దాన్ని ఆఫ్ చేయండి. స్ట్రాంగ్ హైబ్రిడ్ కారు ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరగదు కాబట్టి, దాన్ని తిప్పి ఉంచే పద్ధతిని సర్వీస్ సెంటర్‌లో ముందే కనుక్కుని వెళ్లండి. సీఎన్‌జీ కిట్ బయట పెట్టించిన వాళ్లు ఆర్సీలో అది ఎక్కిందో లేదో చూసుకోండి.

గొట్టం ఎలా పెడుతున్నారో దిగి చూడండి. అది సైలెన్సర్‌లోకి కనీసం 30 సెంటీమీటర్లు వెళ్లాలి. కొస మాత్రం తగిలించి వదిలేస్తే బయటి గాలి కలిసి అంకెలు బాగానే వస్తాయి, కానీ మీ ఇంజిన్ ఎలా ఉందో మీకు తెలియదు. బండి లేకుండానే, నంబర్ పంపితే చాలు సర్టిఫికెట్ ఇస్తామనేవాళ్ల జోలికి పోవద్దు. పోలీసు క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు రికార్డు లేకపోతే జవాబు చెప్పుకోవాల్సింది మీరు.

నంబర్ ప్లేట్ శుభ్రంగా ఉంచండి, దాని ఫొటో తీస్తారు. మొబైల్ నంబర్ అడుగుతారు, మీదే ఇవ్వండి. చీటీ చేతికి రాగానే రిజిస్ట్రేషన్ నంబర్, ఇంధనం, బీఎస్ ప్రమాణం, చెల్లుబాటు తేదీ, ఈ నాలుగూ అక్కడే చూసుకోండి. తర్వాత పరివాహన్ వెబ్‌సైట్‌లో బండి నంబర్, ఛాసిస్ నంబర్‌లోని చివరి ఐదు అంకెలు కొడితే సర్టిఫికెట్ కనిపించాలి. సంక్రాంతికి ఊరు బయలుదేరే వారం ముందే ఈ పని పూర్తి చేసి, ఫోన్‌లో ఎంపరివాహన్ లేదా డిజీలాకర్‌లో పెట్టుకుంటే దారిలో కాగితం వెతుక్కోనక్కర్లేదు.

ఫెయిలైతే

2021 నుంచి ఫెయిలైన బండికి కారణం రాసిన తిరస్కరణ చీటీ ఇవ్వాలన్న నిబంధన ఉంది. దాన్ని అడిగి తీసుకోండి. మెకానిక్ దగ్గరికి అదే పట్టుకెళ్లాలి.

హెచ్‌సీ మాత్రమే ఎక్కువ ఉండి సీవో మామూలుగా ఉంటే పెట్రోల్ మండకుండానే పోతోంది: ప్లగ్గులు, కాయిల్స్, ఇన్‌టేక్ వైపు గాలి లీకు, వాల్వ్ క్లియరెన్స్. సీవో ఎక్కువ ఉండి హెచ్‌సీ అంతగా పెరగకపోతే పెట్రోల్ మోతాదు మించుతోంది: ఆక్సిజన్ సెన్సర్, కూలెంట్ టెంపరేచర్ సెన్సర్, థర్మోస్టాట్, కారుతున్న ఇంజెక్టర్. లాంబ్డా 1.03 దాటితే మొదట సైలెన్సర్ లీకు చూడండి. రెండు వాయువులూ ఎక్కువగా ఉంటే బండి చల్లగా ఉండగా టెస్ట్ చేశారేమో గుర్తు చేసుకుని, బాగా వేడెక్కించి ఇంకోసారి చేయించండి. అప్పుడు కూడా అలాగే ఉంటే కన్వర్టర్ సంగతి చూడాలి.

కన్వర్టర్ మార్చమన్నప్పుడు వెంటనే సరే అనకండి. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి లోహాలు ఉంటాయి, అందుకే అంత ధర. అది దానంతటది పాడవడం తక్కువ. మిస్ కొట్టే ఇంజిన్ నుంచి వచ్చిన పెట్రోల్ దాని లోపల మండినా, ఆయిల్ తాగే ఇంజిన్ పొగ పేరుకున్నా అది చచ్చిపోతుంది. ఆ కారణాన్ని అలాగే ఉంచి కొత్త కన్వర్టర్ వేయడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. పీ0420 కోడ్ కూడా కొన్నిసార్లు సైలెన్సర్ లీకు వల్లో, వెనక సెన్సర్ ముసలిదవడం వల్లో వస్తుంది. వాటిని చూశారా అని అడగండి. ఇంజిన్ ఆపి చల్లబడ్డాక రబ్బరు సుత్తితో కన్వర్టర్‌ను మెల్లగా తట్టినప్పుడు లోపల గలగలమంటే తేనెపట్టులా ఉండే భాగం పగిలింది, అప్పుడు మార్చక తప్పదు. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు మరో అనుమానం కూడా పెట్టుకోవాలి: పాత ఓనర్ లోపలిదంతా తీయించేసి ఖాళీ డబ్బా మిగిల్చి ఉండొచ్చు.

పాసైన చీటీలు కూడా పారేయకండి. పోయినేడు సీవో 0.04 ఉండి ఈ ఏడు 0.22 వచ్చిందనుకోండి. కారు పాసే, కానీ ఏదో సెన్సర్ బద్ధకిస్తోంది. వచ్చే సర్వీసింగ్‌లో రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి మెకానిక్‌కు చూపించండి.